చవితినాటి మాట

అనగనగా ఒక ఊళ్ళో... ఊళ్ళో అంటే ఊరి నడుమ కాదమ్మా, ఊరు దాటాక కొండవాలులో ఒక తడికెల ఇల్లు. ఆ ఇంట్లో సన్నాసయ్య అని పాములాడించేవాడూ, వాడి పెళ్ళాం చిలకమ్మా ఉండేవాళ్ళు. పిల్లాజెల్లా లేరు. బుట్టలో ఉన్న నాగుపామే వాళ్ళకి బిడ్డ. నాగన్నా అని ముద్దుగా పిలుచుకునేవాళ్ళు.

వాళ్ళకొక కట్టు ఉండేది. పామును పట్టిన రోజునే దాని పుట్టమీద చెయ్యి వేసి మాట ఇవ్వాలి. నాగన్నకి చిలకమ్మే ఇచ్చింది. "నాయనా, కొన్నాళ్ళు మా ఇంట ఉండు. నాగుల చవితి సాయంత్రం నిన్ను మళ్ళీ ఈ పుట్టలోనే దిగబెడతాను" అంది. పాముల దేవుడు సుబ్బారాయుడు విన్నాడు. వినకేం, పుట్ట ఆయన ఇల్లే కదా.

చవితి వచ్చింది. ఆ రోజంతా ముసురు. పుట్టల దగ్గరికి ఎవరూ రాలేదు, వీళ్ళ జోలెలో గింజ పడలేదు. అప్పుడు చిలకమ్మ, ఇచ్చిన మాట ఉందిగా అని మొగుడికి గుర్తుచేసింది.

"పాముకి తిథులు తెలుసటే? శివరాత్రి దాకా ఉంచుదాం" అని నవ్వేశాడు సన్నాసయ్య.

చిలకమ్మ ఖాళీ బియ్యం కుండ వైపు చూసింది. ఊరుకుంది. అదిగో తల్లీ, అక్కడే ఊరుకుంది.

ఆ తర్వాత మార్గశిరం వచ్చింది. కొండగాలి తడికెల్లోంచి సూదుల్లా దూరేది. ఒకనాడు పొద్దున్నే బుట్ట మూత తీస్తే నాగన్న తాడుముక్కలా పడి ఉన్నాడు. చిలకమ్మ గబగబా గడ్డి పరిచి, తన పాత కోక చింపి వాడికి పక్క వేసింది. వాడు కదల్లేదు.

అప్పుడు బుట్టను పొయ్యి పక్కన పెట్టింది. కాసేపటికి నాగన్న తల ఎత్తాడు, పడగ విప్పాడు. మొగుడూ పెళ్ళాం చేతులు జోడించి మురిసిపోయారు. ఇంతలో కట్టెలు అయిపోయాయి. పొయ్యి చల్లారింది, వాడూ వాలిపోయాడు.

"ఇప్పుడైనా దిగబెట్టి వద్దాం మావా" అంది చిలకమ్మ.

"ఇంత చలిలో బయట వదిలితే బతుకుతాడటే? ఇక్కడైతే మనం లేమూ?"

నిజమే కాబోలు అనుకుంది పిచ్చితల్లి. బుట్టను పొట్టకి హత్తుకుని, పైన గొంగళి కప్పుకుని కూచుంది. సన్నాసయ్య తన ఒంటిమీది దుప్పటి కూడా తీసి కప్పాడు. ఈ ఒక్క చలికాలం దాటించు స్వామీ అని ఆమె మొక్కింది. స్వామి మాత్రం ఏం చేస్తాడు? ఈ మొక్కుకన్నా ముందే ఆమె ఇచ్చిన మాట ఆయన దగ్గరుంది.

మూడోనాడు పొద్దెక్కినా బుట్టలో చలనం లేదు.

ఆ తర్వాత ఇద్దరూ నాగన్నను పసుపు గుడ్డలో చుట్టి పుట్ట దగ్గరికి తీసుకెళ్ళారు. గడ్డి మీదంతా మంచు. చెప్పుల్లేని కాళ్ళు కొయ్యబారిపోయాయి. వాణ్ణి లోపలికి దించడానికి చిలకమ్మ పుట్ట కన్నంలో మోచేతిదాకా చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి తియ్యలేదు.

ఏమైందే అని సన్నాసయ్య కంగారుగా అడిగాడు.

"లోపల వెచ్చగా ఉంది మావా" అంది చిలకమ్మ.

కథ పోయె కంచికి,
నాగన్న పోయె మట్టికి,
మనమొచ్చాం ఇంటికి,
నిద్ర రావాలి కంటికి.