ఆడేంత వదులు

"మేడం, ఈ మిషను ఆడటం ఎప్పుడు మానేస్తుందండీ?"

తాతారావు ఎప్పుడు కలిసినా ఇదే ప్రశ్న. ఇనుము చెక్కే టూలు పట్టుకుని అటూ ఇటూ నెడితే వెంట్రుకలో సగం జరుగుతుంది చూడండి, ఆ జరగడాన్నే వాడు ఆడటం అంటాడు. ఆ వెంట్రుకలో సగం వల్ల మనోడికి కంటి నిండా నిద్ర లేదు.

నాగరత్నం మేడం నుంచి ఎప్పుడూ ఒకటే మాట వచ్చేది. "చూద్దాం." ఐటీఐలో టర్నర్ ట్రేడ్, అంటే లేతు పని, చెప్పి రిటైరైన మనిషి, తాతారావుకీ ఆవిడే నేర్పారు. ఏదడిగినా తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలంతా వెనకాల చూద్దాం మేడం అని పేరు పెట్టుకున్నారు, ఆవిడకీ తెలుసు, ఆ పేరుతో పిలిస్తే పలికేస్తారేమో కూడా.

తాతారావుకి ఉండి ఊరి సెంటర్లో మొబైల్ షాపు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇనప ముక్కని తిప్పుతూ చెక్కే ఒక చిన్న లేతు, దాని పక్కన ఇంకా చిన్న మిల్లింగ్ మిషను. కొన్నప్పట్నుంచీ వాటిని బాగుచెయ్యడమే వాడి పని. బేరింగులు మార్చాడు. మోటరు మార్చాడు. ప్లాస్టిక్ గేర్లు పీకి ఇనప గేర్లు వేశాడు. కొలత అంకెల్లో కనపడేలా డిస్‌ప్లే బిగించాడు. బల్ల వణుకుతోందని కింద సిమెంటు దిమ్మ పోయించాడు. ఇంత చేసి ఆ మిషన్ల మీద ఏం తయారుచేశాడయ్యా అంటే, ఆ మిషన్లకే సామాన్లు! లేతు మీద మిల్లుకి, మిల్లు మీద లేతుకి.

"రెండూ వియ్యాలవారిలాగ ఒకదానికొకటి సారెలు పంపుకుంటున్నాయండి మేడం, మన ఇంటికి మాత్రం ఒక్క మేకు రాలేదు" అనేది వాళ్ళావిడ హైమ.

బయటోళ్ళెవరైనా పని పట్టుకొస్తే తాతారావు, "ఇంకా రెడీ అవ్వలేదండి, కొంచెం ఆడుతోంది" అని పంపించేసేవాడు. అసలు సంగతేంటంటే వాడికి భయం. మిషను బాగున్నాక కూడా పని చెడిపోయిందంటే, ఆ చెడగొట్టింది తనే అని ఒప్పుకోవాల్సొస్తుంది.

ఆ ఆదివారం ముసురు. వారమంతా సూర్యుడి జాడే లేదు. భోజనాలయ్యాక మేడం గొడుగేసుకుని చూడ్డానికొస్తే, మనోడు రవ్వంత కదలికనీ ముల్లుతో చూపించే డయల్ గేజు పెట్టి టూలు పోస్టుని బొటనవేలితో నెట్టి చూపించాడు. గేజులో ముల్లు కదిలింది.

"చూశారా? ఇంత చేసినా ఆడుతోంది."

మేడం టీ తాగుతూ ముల్లుని చూశారు, తర్వాత వాడి మొహం చూశారు. "చూద్దాం" అన్నారు.

అప్పుడే బయట బండి ఆగింది. ఆకివీడు నుంచి తాతారావు బావ వీర్రాజు, నిలువునా తడిసిపోయి, చంకలో గోనెసంచితో లోపలికొచ్చాడు. సంచి బల్ల మీద దులిపితే ఒక ఇనప షాఫ్టు, అది దూరి తిరిగే బుష్ రెండు ముక్కలై, ఆ బుష్‌ని పట్టుకునే పాత కట్టు పడ్డాయి.

"ఒరేయ్ తాతా, ఏరియేటరు పోయిందిరా. ఇది చేసిపెట్టు."

"నేనా? భీమవరం పట్టుకెళ్ళకపోయావా బావా?"

"ఆదివారం రా బాబూ, అన్నీ షట్టర్లే. పక్క చెరువులోళ్ళని అడిగా, ఈ ముసుర్లో ఎవడిది వాడికే చాలట్లేదు. మధ్యాన్నమే మూల మీద రొయ్య తేలుతోంది. మీ అక్క గట్టు మీదే కూచుంది, లెగమంటే లెగట్లేదు."

ఎండ లేకపోతే చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. చీకటి పడితే మరీ తగ్గుతుంది. ఏరియేటరు చక్రాలు నీళ్ళని చిలుకుతూ ఉంటేనే రొయ్య బతుకుతుంది, లేదంటే ఊపిరాడక తేలిపోయి, తెల్లారేసరికి చెరువు చెరువంతా తెల్లగా ఉంటుంది. వీర్రాజుకి పోయినసారి పంట రోగమొచ్చి పోయింది. ఇది కూడా పోతే చెరువు ఇంకొకళ్ళకి వదిలేసి కూలికి పోవాలి. ఆ మాట అతను అనలేదు. తాతారావుకి తెలుసు.

"మేడం, మీ లేతు మీద మీరు చేసిపెట్టండి" అన్నాడు తాతారావు ఏడుపు గొంతుతో.

"నాది మొత్తం విప్పేసి ఉంది, రంగు ఆరాలి. నీదుందిగా."

"ఇది ఆడుతోందండి!"

"చూద్దాం."

ఇంక గతి లేదు. సొరుగంతా వెతికితే ఆ సైజుకి సరిపోయే, ఇత్తడిలాంటి గన్‌మెటల్ ముక్కలు రెండే దొరికాయి. ఒకటి, ముక్కని పట్టుకుని తిప్పే చక్‌లో బిగించి మిషను ఆన్ చేశాడు. టూలు తగలగానే కిర్రుమంది. ఆడుతోంది! ఆపాడు. టూలుని మోసే స్లయిడ్ పక్కన జిబ్ అని సన్నటి పట్టీ ఉంటుంది, దాని స్క్రూలు బిగిస్తే స్లయిడ్ వదులు తగ్గుతుంది. బిగించాడు. గేజు చూశాడు. ముల్లు ఇంకా కొంచెం కదిలింది. మళ్ళీ బిగించాడు. వెనక నుంచి బావ, "ఏంట్రా, అయిందా?" "అయిపోతోంది బావా." ఇంకో బిగింపు. ముల్లు చచ్చినట్టు నిలబడిపోయింది. ఆహా అనుకున్నాడు. ఇన్నాళ్ళూ చూడాలనుకున్నది అదే కదా!

హ్యాండిల్ తిప్పితే స్లయిడ్ కదల్లేదు. కొంచెం బలంగా తిప్పాడు. కదల్లేదు. అరచేతి చెమట లుంగీకి తుడుచుకుని ఇంకొంచెం బలంగా తిప్పాడు. అప్పుడు కదిలింది చూడండి, ఒక్క ఉదుటున, దూకింది. టూలు ముక్కలోకి దిగబడిపోయింది, ముక్క చక్‌లోంచి ఊడి రేకుకి తగిలి డప్పు కొట్టినట్టు మోగింది. హైమ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

తాతారావుకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. కింద పడ్డ ముక్కని చూస్తూ నిలబడ్డాడు. బయట వెలుగు తగ్గుతోంది. వీర్రాజు ఫోను మోగింది, అక్క. ఎత్తి ఏం చెప్పాలో తెలీక అతను అలాగే మోగనిచ్చాడు.

మేడం గ్లాసు పక్కన పెట్టారు. "విప్పు."

"ఏది విప్పమంటారండీ?"

"ఇందాక బిగించిందంతా."

"ఎంత విప్పాలండీ?"

"ఆడేంత."

వాడు విప్పాడు. మేడం చమురు డబ్బా చేతికిచ్చారు, నాలుగు చుక్కలేశాడు. హ్యాండిల్ వేలితో తిరిగింది. రెండో ముక్క బిగించాడు. ఇదొక్కటే మిగిలింది. ఈసారి గేజు వైపు చూడకుండా తువ్వాలు కప్పేశాడు. కిర్రుమంటే ఆపలేదు, మేడం కళ్ళతోనే స్పీడు తగ్గించమంటే తగ్గించాడు, కిర్రు ఆగిపోయింది. పొట్టు సన్నగా, మెరుస్తూ రాలింది. పైన కొలత కట్టుకి సరిపోయింది. లోపల బోరు చేసి, తుడిచి, షాఫ్టు దూర్చాడు. అది గట్టిగా, మెల్లగా, తస్సుమంటూ లోపలికెళ్ళింది. ఊపి చూశాడు. ఇటు రవ్వంత లేదు, అటు రవ్వంత లేదు. జీవితంలో మొదటిసారి వాడి చేతిలో ఒక వస్తువు అస్సలు కదలకుండా కూచుంది.

"ఏరా, ఆడుతోందా?" అన్నాడు వీర్రాజు ఆత్రంగా.

"అస్సలు ఆడదు బావా!" అన్నాడు తాతారావు, మొహం వెలిగిపోతూ.

వీర్రాజు మొహం మాడిపోయింది. "ఆడదేంట్రా! ఆడకపోతే నా రొయ్య చచ్చిపోద్దిరా! ఇందాకట్నుంచి ఇక్కడ నిలబెట్టి ఇప్పుడు ఆడదంటావేంట్రా దరిద్రుడా!"

"అది కాదు బావా, ఊగట్లేదంటున్నా..."

"ఊగితే ఊగనీ! తిరుగుద్దా, తిరగదా?"

హైమకి ఆ టైములో కూడా నవ్వొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడం నవ్వలేదు. బుష్‌తో సహా షాఫ్టుని తాతారావు చేతిలో పెట్టారు.

"తిప్పు."

తిప్పాడు. తిరగలేదు. రెండు చేతులా పట్టి తిప్పితే మూలిగింది.

"గ్రీజు ఎక్కడ కూచుంటుంది?" అన్నారు మేడం.

వాడు చేసిన దాంట్లో గ్రీజుకి చోటే లేదు. ఆ చక్రం రాత్రంతా అలా తిరిగితే వేడెక్కి పట్టేస్తుంది, చీకట్లో, అక్క గట్టు మీద కూచుని చూస్తుండగా.

"ఇంకొంచెం తియ్యాలండీ... కానీ ఎక్కువ పోతే?"

"పోతే పోయినట్టే. ఇంకో ముక్క లేదు" అన్నారు మేడం, ఆవిడకీ అక్కడ ఊరడించడానికి ఏమీ లేదు.

తాతారావు షాఫ్టు బయటికి లాగి, బుష్‌ని చక్‌లో బిగించి మళ్ళీ తిప్పాడు. డిస్‌ప్లేలో అంకెలు మెరిసిపోతున్నాయి గానీ, ఎంత తియ్యాలో ఆ అంకెలు చెప్పవు కదా. వాడు హ్యాండిల్ని ఒకసారి బాగా వెనక్కి తెచ్చి, మళ్ళీ ముందుకి మెల్లగా వచ్చాడు, వదులంతా ఒక పక్కకే చేరేలా. అది మేడం మొదట్లో నేర్పిందే, మిషను ఆడకుండా చేస్తే ఇంక ఆ పద్ధతితో పనుండదని వాడే పక్కన పెట్టేశాడు. టూలు లోపలికెళ్ళింది. దుమ్ములాంటి పొట్టు రాలింది.

ఆపి, తుడిచి, కాస్త గ్రీజు రాసి షాఫ్టు దూర్చాడు. జారింది. వేలితో తోస్తే తిరిగింది, తోయడం ఆపినా ఇంకొంచెం తిరిగింది. చివర పట్టుకుని ఊపితే వెంట్రుకలో సగం, అటూ ఇటూ. తాతారావు బిక్కమొహం వేసి మేడం వంక చూశాడు. ఆవిడ సామాన్లన్నీ సంచిలో వేసి వీర్రాజుకిచ్చారు.

"వెళ్ళు నాయనా. మెల్లగా వెళ్ళు, రోడ్డు జారుతోంది."

బండి వెళ్ళిపోయింది. ఆ తర్వాత షెడ్డులో కూచోవడం అంటే ఏంటో కూచున్నోళ్ళకే తెలుసు. హైమ లైటేసింది. ఎవరూ టీ అడగలేదు, తెచ్చిన టీ ఎవరూ తాగలేదు. మనోడు బుష్ కొలతలు మనసులో మళ్ళీ మళ్ళీ కూడుకుని, మళ్ళీ మళ్ళీ తప్పు వెతుక్కున్నాడు. ఎక్కువ తీసేశానేమో. కట్టు సరిగా బిగిసుండదేమో. ఫోను బల్ల మీద పెట్టి, బోర్లా తిప్పి, మళ్ళీ తీసి చూసుకున్నాడు.

బాగా చీకటి పడ్డాక మోగింది. ఎత్తితే ముందు మాట రాలేదు, దబదబా నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడొచ్చింది, ఆ చప్పుడు మీదుగా అక్క గొంతు.

"ఆడుతోందిరా తమ్ముడూ! బెమ్మాండంగా ఆడుతోంది!"

తాతారావు ఫోను పెట్టేసి స్టూలు మీద కూలబడి, మధ్యాన్నం నుంచీ లోపలే బిగబట్టినట్టు, ఒక పెద్ద ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి.

మేడం లేచి గేజు మీది తువ్వాలు తీశారు. టూలు పోస్టుని బొటనవేలితో నెట్టారు. ముల్లు మధ్యాన్నం కదిలినంతా కదిలింది.

"మరి ఎంత ఆడాలండీ మేడం?" అన్నాడు తాతారావు.

ఆవిడ గుమ్మం దగ్గర గొడుగు విప్పుతూ వెనక్కి చూశారు.

"ఇప్పుడు నీ ఊపిరి ఎంత ఆడుతోంది?"