నిండు ట్యాంకు

ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు గఫార్ ఉస్తాద్‌కి లేదు. శంషాబాద్ అవతల రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా పందెం కార్లు కడుతున్న మనిషి ఆయన. ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన కట్టిన కారునే నడుపుతున్న తిరుపాల్ ఒకరోజు పొద్దున్నే వచ్చి, "ఉస్తాద్, పిరికితనం పోవాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగాడు.

తిరుపాల్ ఊరికే అడగలేదు. ప్రాక్టీసులో అతన్ని మించినవాడు లేడు. పందెం రోజున మాత్రం వరసగా మూడుసార్లు, రెండో చుట్టులోనే, అదే మలుపులో కారు తోక విసిరి గిర్రున తిరిగి మట్టిలోకి పోయింది. జనం చూస్తుంటే వీడి చేతులు వణుకుతాయని తోటి డ్రైవర్లు అన్నారు. వినీ వినీ అతనూ నమ్మేశాడు. ఆ రోజు హెల్మెట్ ఇచ్చేసి వెళ్లిపోదామనే వచ్చాడు.

ఉస్తాద్ నాలుగు చక్రాల కింద నాలుగు తూకపు బల్లలు పెట్టి, అతన్ని సీట్లో కూర్చోమన్నారు. ప్రాక్టీసుకి పోసినట్టే పది లీటర్ల పెట్రోలు పోసి అంకెలు పైకి చదివారు. తర్వాత, పందేనికి నింపినట్టు, అంచుదాకా నింపారు. వెనక చక్రాల కింద అంకె బాగా పెరిగింది. ముందు చక్రాల కింద ఆరు కిలోలు తగ్గింది.

"బరువు పోస్తే తూకం తగ్గడమేంటి ఉస్తాద్?"

"ట్యాంకు వెనక చక్రాలకి ఇంకా వెనక, తోకలో ఉంది. నిండితే తోక కుంగుతుంది, ముక్కు తేలిపోతుంది. మలుపులో ఆ బరువే తోకని బయటికి విసురుతుంది. ప్రాక్టీసులో నువ్వు నడిపింది ఒక కారు, పందెంలో ఇంకొకటి." ఆయన కారు తోక వైపు చెయ్యి చూపించారు. "అక్కడ చోటు ఖాళీగా ఉందని పెట్టింది నేనే. మూడుసార్లూ నిన్నే తప్పుబట్టాను గానీ, దాని వంక చూడలేదు."

తిరుపాల్ సీట్లోంచి లేవలేకపోయాడు. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఏడాదిగా సరిగా ఆడని ఊపిరి అప్పుడు నిండుగా ఆడింది.

మూడు వారాలు పట్టింది. తోకలోని ట్యాంకునే తీసి, సీటుకీ దాని వెనకున్న ఇంజనుకీ మధ్య, కారు నడుమన, ఇద్దరూ కలిసి బిగించారు. లోపల పెట్రోలు అటూఇటూ ఊగకుండా అడ్డురేకులు వేశారు. అంచుదాకా నింపుకుని తిరుపాల్ ట్రాక్ మీదికి బయల్దేరాడు. రెండో చుట్టులో ఆ మలుపు వచ్చింది. తోక కదల్లేదు. ఇరవై చుట్లు తిరిగి వచ్చి, హెల్మెట్ తీసి నవ్వాడు. అంతలోనే తప్పు ఒప్పుకుంటున్నవాడిలా గొంతు తగ్గించాడు.

"అయినా మలుపు దగ్గర భయం వేసింది ఉస్తాద్. అది పోలేదు."

"పొమ్మని ఎవరన్నారు?" అన్నారు గఫార్ ఉస్తాద్. "ట్యాంకుని తీసి పారేశామా మనం?"