ఎవరిదీ కాని కొండ

ఊఁ కొడతావా, లేదా? ఊఁ కొట్టకపోతే నేను చెప్పను. ఆఁ, అలా రా దారికి.

అనగనగా ఒక కొండమీది ఊళ్ళో కన్నపరెడ్డి అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఏ తగువొచ్చినా ఆయన మాటే మాట. ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉంది. ఇల్లు నాది అనొచ్చు, కోడి నాది అనొచ్చు. కొండని మాత్రం నాది అనకూడదు. అన్నవాణ్ణి చూసి నలుగురూ ఛీ అంటారు. కన్నతల్లిని పట్టుకుని, ఈవిడ నా ఒక్కడిదే అని తోబుట్టువులతో ఎవరైనా అంటారా?

ఒకరోజు తోటల కంపెనీ దొర జీపు దిగాడు. "ఈ కొండ ఎవరిది పెద్దాయనా?" అని అడిగాడు.

"ఎవరిదీ కాదు బాబూ," అన్నాడు కన్నపరెడ్డి.

దొర మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే మాట. అప్పుడు ఊరందరినీ పిలిచి, వాళ్ళ ముందు మూడోసారి అడిగాడు. "ఎన్నిసార్లు చెప్పాలి బాబూ, ఎవరిదీ కాదు!" అన్నాడు కన్నపరెడ్డి. ఊరంతా పక్కున నవ్వింది. అందరిదీ అయినదాన్ని ఎవరిదని అడుగుతాడేంటి, వట్టి పిచ్చిమాలోకం, అనుకున్నారు. పిచ్చిమాలోకం ఎవరో తర్వాత తెలిసింది.

ఎవరిదీ కాకపోతే మాదే, అని కంపెనీవాళ్ళు యంత్రాలు తోలుకొచ్చారు. ముందు ఇప్పచెట్లు పడ్డాయి. ఆ తర్వాత పిట్టలు లేచిపోయాయి. ఆ తర్వాత ఊట ఎండింది. కొండంతా పామాయిల్ తోట వేశారు. మనం జంతికలు వేయించుకుంటామే, ఆ నూనె గెలలు కాసే చెట్లు. బడిపిల్లల్లా వరుసగా నిలబడ్డాయి గానీ, ఒక్కదాని కిందా తినడానికి దుంప లేదు. నిన్నటిదాకా అడవిలో ఏరుకు తిన్నవాళ్ళు ఆ తోటలోనే కూలికి గెలలు మోశారు.

"ఎవరిదీ కాదన్న మాట నువ్వనలేదని చెప్పెయ్యి పెద్దయ్యా," అన్నారు ఊళ్ళోవాళ్ళు.

"అన్నాను కదరా," అన్నాడాయన. అబద్ధమాడి ఎరగడు మరి.

ఆ తర్వాత ఆయన కూతురు పండమ్మ పురిటికి వచ్చింది. "అయ్యా, అడవిదుంప తినాలనుంది," అంది. నోరు తెరిచి ఎన్నడూ ఏదీ అడగని పిల్ల. కన్నపరెడ్డి గునపం పట్టుకుని, చిన్నప్పటినుంచీ తవ్విన చోటికే వెళ్ళి తవ్వాడు. అప్పుడు తోట కాపలావాడు చెయ్యి పట్టుకున్నాడు. "దొంగముసలోడా, ఎవరి తోటనుకున్నావ్?" అని ఊరి నడిమధ్యకి లాక్కొచ్చాడు. కూతురు చూస్తుండగా! పాపం, ఆ మనిషి సిగ్గుతో చితికిపోయాడు. పండమ్మ దగ్గరికొచ్చింది. తిట్టినా బాగుండేది. ఆయన చేతికంటిన మట్టి కొంగుతో తుడిచింది, అంతే.

ఇంతకీ సిగ్గుపడాల్సింది ఆయనా? పడాల్సినవాళ్ళు ఆ నూనెలో వేయించుకుని కరకరా నమిలారు. మనతో సహా.

మరుసటేడు అదే దొర ఎదురుకొండకి వచ్చాడు. "మరి ఇది ఎవరిది?" అన్నాడు. కన్నపరెడ్డి కొండకేసి చూశాడు. ఊరంతా తలలు దించుకుంది. అప్పుడు వెనకనుంచి పండమ్మ, చంకలో పసిబిడ్డతో, "చెప్పయ్యా," అంది.

"మాది," అన్నాడాయన.

"వినపళ్ళేదు," అన్నాడు దొర.

"మాది బాబూ! మాది! మాది!"

వెంటనే వెళ్ళిపోయాడా అంటావా? అంత తేలిగ్గానా! ఊరు ఊరంతా జీపుకి అడ్డం పడుకుంటే అప్పుడు వెళ్ళాడు.

ఎదురుకొండ నిలిచింది. ఊళ్ళో డోలు మోగింది, ఆడామగా ఆడారు. కన్నపరెడ్డి మాత్రం కనపళ్ళేదు. పండమ్మ వెతుక్కుంటూ వెళ్ళింది. ఎదురుకొండ మొదట్లో నేలకి నుదురానించి ఉన్నాడు ముసలాయన.

"తప్పయిపోయింది తల్లీ," అంటున్నాడు. "నిన్ను మాది అనేశాను."

ఏంటలా చూస్తావు? కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
కునుకేమో నీ కంటికి,
లేచిపోయిన పిట్టలు ఏ ఇంటికి?