తేనెలోయ అరచేతుల అమ్మవారు

నల్లమలలో రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి రెండు మైళ్ళు నడిస్తే తేనెలోయ వస్తుంది. ఇక్కడ గుడీ గోపురమూ లేవు. లోయ గోడకు తొలిచిన ఇరవై మెట్లు దిగితే చిన్న గుహ, దాని పక్క రాతి మీద రెండు అరచేతుల గుర్తులు ఉన్నాయి. అవే అమ్మవారు. అంచున నిలబడి గొప్పలకు పోయే మగరాయుళ్ళు కూడా కిందికి చూడగానే వెనక్కి జరుగుతారు.

పూర్వం ఇక్కడ చెంచులు తాడుకు వేలాడి తేనె తీసేవారు. దిగినవాడి తాడును పైన అతని భార్య అన్నో తమ్ముడో పట్టాలని కట్టుబాటు. తోడబుట్టినదాని పసుపుకుంకుమల కోసమైనా అతడు తాడు వదలడని వారి నమ్మకం.

బయ్యన్న అనే చెంచుకు భార్య ఈరమ్మ అంటే ప్రాణం. అంతకు మించి అనుమానం. సంతలో పూసలమ్మేవాడితో నవ్వుతూ మాట్లాడిందని ఆమెను నలుగురిలో నానా మాటలూ అన్నాడు. ఆమె అన్న గురవన్నకు ఒళ్ళు మండింది. "మా చెల్లిని అనుమానించినోడి తాడు నేను పట్టను" అని తెగేసి చెప్పాడు. కొండదేవతకు తొలి తేనె పెట్టవలసిన వంతు ఆ ఏడు బయ్యన్నదే. తప్పించుకునే దారి లేదు.

"నేను పట్టుకుంటాలే మావా, దిగు" అంది ఈరమ్మ.

ఆమె తాడును మద్దిచెట్టుకు ఒక చుట్టు చుట్టి కొద్దికొద్దిగా వదులుతుంటే బయ్యన్న దిగాడు. నిన్న తాను తిట్టిన మనిషి చేతిలో ఇవాళ తన ప్రాణం ఉందన్న తలంపుతో మాటిమాటికీ పైకి చూశాడు. తేనెపట్టుకు పొగ పెట్టగానే గాలి తిరిగింది. తేనెటీగలు గుంపుగా పైకి లేచి ఈరమ్మను కమ్ముకున్నాయి. ఆమె తాడు వదలలేదు. నోరు తెరిస్తే ఈగలు గొంతులోకి పోతాయని పళ్ళు బిగపట్టింది.

"ఈరీ!" అని బయ్యన్న మూడుసార్లు పిలిచాడు. పైనుంచి పలుకు లేదు. ఆమె తాడు వదలబోతోందనుకుని, పక్కనున్న గుహలోకి దూకి నడుము ముడి విప్పేసుకున్నాడు.

తాడు తేలికైపోయింది. భర్త పడిపోయాడనుకుంది ఈరమ్మ. తాడును చెట్టుకు కట్టి, వాచిన కళ్ళతో, తోలు ఊడిన అరచేతులతో అతణ్ణి వెతుక్కుంటూ ఆ తాడు పట్టుకునే దిగింది. గుహ దగ్గరికి రాగానే బయ్యన్న కేక పెట్టాడు.

"ఉండావా మావా?" అంటూ ఆమె తాడు వదిలి ఆ గొంతు వైపు చేతులు చాచింది. అతడు అందుకునేలోపే చేతులు రాతికి తాకి జారి, ఆమె లోయలో పడిపోయింది. ఆ గుర్తులే ఇవి.

మూడోనాడు ఈరమ్మ గురవన్న కలలో కనబడి, "నన్ను వెతకొద్దన్నా. ఇక్కడే ఉంటా. ఆలిని నమ్మలేని మగోణ్ణి నా దగ్గరికి తోలుకురా" అని ఆనతిచ్చింది. బయ్యన్న బతికినన్నాళ్ళూ నడుముకు తాడు కట్టుకుని ఆ గుహలోనే ఉన్నాడు. ముడి విప్పుతామని ఎవరు వచ్చినా ఒప్పుకోలేదు.

నేటికీ ఫాల్గుణ మాసపు శుక్రవారాల్లో కొత్త దంపతులు ఇక్కడికి వస్తారు. పైన భార్య తాడు పట్టుకుంటే, నడుముకు తాడు కట్టుకున్న భర్త మెట్లు దిగి గుహలో కూర్చుంటాడు. ఎంత పిలిచినా భార్య పలకకూడదు. ఆమె దిగివచ్చి విప్పేదాకా అతడు ముడి తాకకూడదు. ఏటా ఒకరిద్దరు భయపడి విప్పేసుకుంటారు. వారిని ఎవరూ గేలి చేయరు, వచ్చే ఏడాది మళ్ళీ రమ్మంటారు. ఓర్చుకున్న జంట కాపురాన్ని అమ్మ చల్లగా కాస్తుందని నమ్మకం. అలా ముడి విప్పించుకున్న మగవాడు భార్య చేయి వదిలి పైకి రావడం ఈ మెట్ల మీద ఇంతవరకు ఎవరూ చూడలేదు.