తిరిగివ్వని గిన్నెలు

"విరజా," అని కిటికీ పక్కనుంచి కేకేశారు ఆదినారాయణ మాస్టారు. "మళ్ళీ నిండుతోంది, చూడు."

చేతిలో స్క్రూడ్రైవర్‌తోనే పరుగెత్తుకొచ్చింది విరజ. తెర మీద మెమరీ ఎంత నిండిందో చూపే గీత వరదగోదారిలా పైకి పాకుతోంది. చూడబోతే ఒక్క ప్రోగ్రామూ తెరిచి లేదు.

నరసాపురంలో లేసు కొట్టు మీది మేడగది మాస్టారిది. ల్యాప్‌టాప్‌లు బాగుచెయ్యడం అక్కడ నేర్పుతారు. విరజలాంటి శిష్యులు ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పరు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుంటారు. జవాబు దానంతటదే నడిచొస్తే చూపిస్తారు, లేకపోతే లేదు.

ఆ ల్యాప్‌టాప్ శ్రీకర్‌ది. పడవవాళ్ళ పాటలు, లేసు అల్లే ఆడవాళ్ళ పాటలు ఊరూరా తిరిగి రికార్డు చేసి తెచ్చి అందులో కూర్చుకున్నాడు. రేపు హైదరాబాదులో ఒక రేడియోవాళ్ళకి వినిపించాలి. నచ్చితే అక్కడే ఉద్యోగం. సాయంత్రం బండికి బయల్దేరాలి. పాట తెరిచిన కాసేపటికే యంత్రం ఊపిరాడక ఆగిపోతోందని పొద్దున్నే తెచ్చి విరజ ముందు పెట్టాడు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి ఇంకోమాటా అన్నాడు. తను రోజూ ఆమె ఫోనుకి పంపే చప్పుళ్ళు ఇక పంపనన్నాడు. వినడం లేదనుకుంటానన్నాడు.

వినకపోవడమా! రేకుల మీద వాన, రేవులో పంటు పడవ కూత, ఎవరో ముసలమ్మ నవ్వు, ఒకరోజైతే ఏమీ లేదు, ఉత్త గాలి. ప్రతిదీ చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని వింది. తిరిగి ఒక్కదానికీ ఒక్క ముక్క రాయలేదు. గాలికి సమాధానంగా ఏం రాయాలి? అంత అందమైన మాట తనకి దొరికిన రోజున రాద్దామనుకుంది.

ఇప్పుడు ఆ యంత్రం బాగుపడకపోతే అతని పాట మూగపోతుంది. బాగుపడితే అతను వెళ్ళిపోతాడు. ఏది జరిగినా తన గుండె నిలవదని ఆమెకి తెలుసు. అయినా చేతులు మాత్రం ఆగలేదు. బ్రౌజర్ తీసేసింది, గీత ఎక్కింది. యాంటీవైరస్ ఆపింది, ఎక్కింది. బీరువాలోంచి ఇంకో మెమరీ ముక్క తీసి బిగించింది. నిండడం ఆలస్యమైంది గానీ నిండడం మానలేదు.

"ఇల్లు చాలట్లేదని ఇంకో గది వేశావన్నమాట," అన్నారు మాస్టారు.

విరజకి ఉక్రోషం వచ్చింది. "ఏమీ తెరవకుండా, ఏ పనీ చెయ్యకుండా ఊరికే కూర్చున్నది ఎందుకిలా నిండిపోతుంది మాస్టారూ?" అని అడిగింది. అడిగాక తెలిసింది, యంత్రం గురించి కాక ఇంకెవరి గురించో అడిగినట్టుందని.

మాస్టారు కళ్ళజోడు తీశారు.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. కింద కొట్టులో ఎవరో కరెంటాఫీసుని తిట్టారు. ల్యాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంది, అందులో గీత పడుకుంది. గీసినట్టు తిన్నగా. విరజ తెర మీదికి వంగి చూసింది. కరెంటొచ్చింది, ఫ్యాను తిరిగింది, గోడ మీది వైఫై పెట్టె పచ్చగా మిణుకుమంది, గీత లేచి మళ్ళీ నడక మొదలెట్టింది.

"వైఫై," అంది విరజ, కలలో పేరు పలికినట్టు. ల్యాప్‌టాప్‌లో వైఫై కట్టేసింది. గీత పడుకుంది. తెరిచింది. లేచింది. ఇంకోసారి, ఇంకోసారి, చిన్నపిల్ల స్విచ్చితో ఆడుకున్నట్టు.

వైఫైని నడిపే డ్రైవర్ అని లోపల ఒక చిన్న ప్రోగ్రాము ఉంటుంది. గాలిలోంచి వచ్చే ప్రతి కబురునీ పట్టుకోవడానికి అది మెమరీలో కాస్త చోటు అడిగి తీసుకుంటుంది. కబురు అందించాక ఆ చోటు తిరిగి ఇచ్చెయ్యాలి. శ్రీకర్ ఈమధ్య వేసుకున్న కొత్త డ్రైవర్ తీసుకోవడమే గానీ ఇవ్వడం లేదు. దాన్ని పీకేసి, పెన్‌డ్రైవ్‌లోంచి పాతది ఎక్కించి, వైఫై తెరిచింది విరజ. కబుర్లు వస్తూనే ఉన్నాయి. గీత కదల్లేదు.

"దొరికింది మాస్టారూ, దొంగ."

"దొంగా?" అన్నారు మాస్టారు. ఆమె బల్ల మీదున్న స్టీలు గిన్నె అందుకుని, అందులోని మరలు కాగితం మీద బోర్లించారు. దాని వెనక ఇంకో గిన్నె ఉంది, వైరు ముక్కలతో. అరలో మరికొన్ని. "ఇవి మా ఇంటివి కావూ?"

విరజ నాలిక్కరుచుకుంది. పులిహోర అనీ చక్రపొంగలి అనీ మాస్టారి భార్య పిన్నిగారు పంపిన గిన్నెలవి. "ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదంటారు కదండీ. ఏదైనా మంచిది వండి అందులో వేసి ఇద్దామని..."

"మీ పిన్నిగారు గిన్నెల్లేక పెరుగు గ్లాసుల్లో తోడు పెడుతోంది," అన్నారు మాస్టారు. "పాపం, ఆ డ్రైవరూ దొంగ కాదేమో. ఏదైనా మంచిది వేసి ఇద్దామనుకుంటోంది."

విరజ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎవరో చెంప మీద చల్లటి నీళ్ళు చిలకరించినట్టయింది. వాన, కూత, ముసలమ్మ, గాలి, అన్నీ లోపల వరసగా పేర్చి ఉన్నాయి, కడిగి బోర్లించిన గిన్నెల్లా.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. శ్రీకర్ భుజాన సంచితో లోపలికొచ్చాడు. పాట పెట్టి చూపించింది. పడవవాళ్ళు ఎక్కడా ఆగకుండా చివరిదాకా పాడారు. అతని మొహం వెలిగిపోయింది. ఏమిటి జబ్బని అడిగాడు. చెప్పింది. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, థాంక్స్ అని, గుమ్మం దాకా వెళ్ళాడు.

"శ్రీకర్," అంది విరజ.

అతను వెనక్కి తిరిగాడు.

"అన్నీ విన్నాను. ఒక్కటీ పారెయ్యలేదు. దేనికీ తగిన జవాబు దొరక్క ఊరుకున్నాను." ఆమె చేతుల్లో ఖాళీ గిన్నె ఉంది; ఎప్పుడు తీసుకుందో ఆమెకే తెలీదు. "నువ్వంటే నాకిష్టం. ఇంతకంటే బాగా వండడం నాకు రాదు."

శ్రీకర్ సంచి భుజం మీంచి జారి మోచేతి దగ్గర ఆగింది. అతనేమన్నాడో ఫ్యాను మోతలో మాస్టారికి వినపడలేదు, గానీ విరజ విన్నది.

మాస్టారు మిగతా గిన్నెలు ఖాళీ చేసి ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని మెట్ల వైపు నడిచారు. ఆమె దగ్గర ఆగి, చేతుల్లోని గిన్నె కూడా అందుకున్నారు.

"ఖాళీదైనా ఫరవాలేదమ్మా," అన్నారు. "ఈ పూట మా ఇంట్లో పెరుగు గిన్నెలోనే తోడుకుంటుంది."