యోనా వదలని ఎర్తు తీగ

చీరాలలో గిటారు నేర్పే యోనా అనే పంతగాడు ఉండేవాడు కానీ, నలుగురూ నవ్వితే మాత్రం అతని పంతమంతా నీరుకారిపోయేది.

దుకాణాల్లో దొరికే ఆంప్లిఫైయర్లు అతనికి నచ్చేవి కావు. గాజు వాల్వులున్న పాత రేడియోల నిండు గొంతు తన గిటారుకు కావాలనుకున్నాడు. ఈ కాలంలో వాల్వులేమిటని ఒక దుకాణంవాడు కొట్టిపారేశాడు. ఆ ఉక్రోషంతోనే అతను పని మొదలుపెట్టాడు. పాత రేడియో విప్పి వాల్వులూ ట్రాన్స్‌ఫార్మరూ తీశాడు. కండెన్సర్లు కొత్తవి తెచ్చాడు. అల్యూమినియం రేకును వంచి పెట్టె చేసి, ఒక్కో తీగనూ సాల్డరు పెట్టి అతికించాడు. ఎప్పుడైనా రేకుకు కరెంటు తగిలితే అది మనిషిలోకి పోకుండా భూమిలోకి పోవాలని ఎర్తు తీగను పెట్టెకు గట్టిగా బిగించాడు. స్విచ్చి వేస్తే వాల్వులు ఎర్రగా వెలిగాయి. గిటారు మీటితే ఆ నిండు గొంతుతో ఇల్లంతా నిండిపోయింది.

చర్చిలో కోతల పండుగ వచ్చింది. యోనా బావమరిది కృపానందం ఆ సాయంత్రం గిటారు వాయిస్తూ పాడాలి. ఉదయం సాధనకు యోనా తన పెట్టెను తీసుకెళ్లాడు. చర్చి మైకుసెట్టుతో కలపగానే అది గుంయ్‌మని రొద పెట్టింది. తీగలు మెలివేసి చూశాడు. పెట్టెను దూరం జరిపి చూశాడు. రొద పోలేదు.

"బావా, ఇది ఆంప్లిఫైయరా, మీ నాన్న గురకా?" అన్నాడు కృపానందం. పండుగకు కానుకగా వచ్చిన గుమ్మడికాయలను వేలానికి సర్దుతున్న ఆడవాళ్లు కూడా పకపకా నవ్వారు.

మైకుసెట్ల వాళ్లంతా చేసే పనేనంటూ కృపానందం ప్లగ్గు విప్పి, అందులోని ఎర్తు తీగను ఊడబీకాడు. రొద ఆగిపోయింది. పాటల బృందం పెద్ద ఆశీర్వాదం గారు వచ్చి యోనా భుజం తట్టారు. ఆ తీగ ఎందుకుందో యోనాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. మెప్పు అతనికి అంత తియ్యగా ఉంది. తప్పు జరిగింది అక్కడే.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ భార్య సువార్త తన తమ్ముడి మాట ఎత్తింది. మైకుకు పెదవులు ఆనించి పాడే అలవాటు ఎంత చెప్పినా మానడం లేదని విసుక్కుంది. యోనా చేతిలో ముద్ద ఆగిపోయింది. వేళ్లు గిటారు తీగల మీద, పెదవులు మైకు మీద. పెట్టెలో ఏదైనా తేడా వస్తే, కేబులు వెంట గిటారు తీగల్లోకి వచ్చే కరెంటుకు దారి అదే.

సాయంత్రం చర్చి నిండిపోయింది. యోనా అందరి ముందూ నడిచి వెళ్లి, ప్లగ్గు తీసి విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నారు ఆశీర్వాదం గారు.

"ఎర్తు తీగ పెడుతున్నానండి."

"మళ్లీ రొద వస్తుంది. సంఘమంతా కూర్చుని ఉంది."

"రానివ్వండి. తీగ ఉంటేనే పెట్టె ఉంటుంది. వద్దంటే ఇంటికి పట్టుకుపోతాను."

రొద మళ్లీ మొదలైంది. వెనక వరసలో ఎవరో గురక పెట్టారు. నవ్వులు లేచాయి. యోనా చెవులు భగ్గుమన్నాయి. అయినా తల దించలేదు. ఎవరూ తీగ జోలికి రాకుండా ప్లగ్గు పక్కనే నిలబడ్డాడు.

కృపానందం పళ్లు కొరుక్కుని పాట ఎత్తుకున్నాడు. రెండో చరణంలో పెట్టె టప్పుమంది. కాలిన వాసన వచ్చింది. ఫ్యూజు పోయి వాల్వులు ఆరిపోయాయి.

"తీరిందా నీ ముచ్చట?" అన్నాడు కృపానందం.

యోనా ప్లగ్గు పీకేశాడు. కండెన్సర్లలో మిగిలిన కరెంటు దిగిపోయాక పెట్టెను తిరగేసి చూపించాడు. పాత ట్రాన్స్‌ఫార్మరు లోపల కాలి, కరెంటు రేకుకు తగిలింది. ఎర్తు తీగ దాన్ని భూమిలోకి లాగేసింది కాబట్టే ఫ్యూజు కొట్టేసింది.

"తీగ లేకపోతే అది నీ వేళ్లలోంచి నోట్లోకి వచ్చేదిరా," అన్నాడు.

కృపానందం పెదవులు తడుముకున్నాడు. ఆశీర్వాదం గారు మాత్రం ఇలాంటి సొంత పెట్టెలు ఇక చర్చికి తేవద్దన్నారు.

"పాత ట్రాన్స్‌ఫార్మరు వాడటం నా తప్పే. కొత్తది వేసి మళ్లీ తెస్తానండి. ఎర్తు తీగతోనే తెస్తాను," అన్నాడు యోనా.

నలుగురి నవ్వుకు జడిసి, ప్రాణం కాపాడేదాన్ని వదులుకోకూడదు. పంతమంటూ పడితే మంచి కోసమే పట్టాలి.