బల్ల కింది కేబుల్

“వచ్చే వానాకాలంలోగా మీ శ్మశానానికి దారి వేయిస్తాం.”

తహసీల్దారు ఈ మాట అన్నాక రెండు వానాకాలాలు గడిచాయి. దారి పడలేదు. రెండో వానాకాలంలో ఏసోబు చనిపోయాడు. పాడె మోసినవాళ్లు ఎప్పటిలాగే వరిమళ్ల గట్టు మీదుగా నడిచారు. నానిన గట్టు విరిగింది. పాడె బురదలో పడింది.

ఏసోబు భార్య రూతమ్మ మరుసటి ఏడాది జూన్‌లో ఒక సోమవారం పొద్దున గుట్ట మీది బౌద్ధ విహారానికి వచ్చింది. అక్కడ పేదలకు ఉచితంగా అర్జీలు రాసిపెడతారు. పట్నంలో అర్జీలు తీసుకునేది సోమవారమే, అదీ ఒంటిగంట దాకానే. పట్నం వెళ్లే ఆటో పదకొండింటికి.

అర్జీ రాసింది జీవక్. వృద్ధ భిక్షువు ధమ్మసేన భంతే దగ్గర శిష్యుడిగా చేరి ఏడాది. విహారంలోని రెండు అలమారల పుస్తకాలూ చదివేశాడు. రూతమ్మ వస్తోందని కబురు అందగానే నాలుగు పేజీలు టైపు చేసి పెట్టుకున్నాడు.

ఆమె రాగానే ప్రింటు నొక్కాడు. ప్రింటర్ ఏదీ కనబడటం లేదంది కంప్యూటర్.

ప్రింటర్ ఆపి మళ్లీ వేశాడు. పచ్చదీపం వెలుగుతూనే ఉంది. కంప్యూటర్ కూడా ఆపి వేశాడు. ప్రింటర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. కుర్చీలోంచే బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి, కంప్యూటర్ వెనక కేబుల్‌ని అదిమి చూశాడు. బిగువుగానే ఉంది.

గంట పది కావస్తోంది.

“ఇదంతా కంపెనీల కుట్ర భంతే!” అన్నాడు జీవక్. “కొత్తది కొనిపించడానికే పాతదాన్ని చంపేస్తారు. యంత్రం కూడా పెట్టుబడి పక్షమే!”

గడప దగ్గర కూర్చున్న రూతమ్మ కొంగుతో విసురుకుంటూ అంది: “ముందు దానికో అర్జీ పెట్టుకో బాబూ. నెలకో రెణ్నెల్లకో పలుకుద్ది.”

భంతే నవ్వాడు. “నిన్న పొద్దున పనిచేసింది కదా?”

“చేసింది.”

విహారంలో ప్రతి ఆదివారం సాయంత్రం గదులు కడుగుతారు. కడిగే ముందు వైర్లన్నీ పీకి కంప్యూటర్‌ని బల్ల మీదికి ఎత్తుతారు. నేల ఆరాక మళ్లీ కింద పెట్టి తగిలిస్తారు. ఈ వారం వంతు జీవక్‌ది.

భంతే ఒంటి మీది కాషాయ చీవరం పైకి దోపుకున్నాడు. ఒక చెయ్యి బల్లకి ఆనించి మెల్లగా మోకాళ్ల మీదికి దిగాడు.

“మీరెందుకు భంతే! కేబుల్ నేను చూశాను.”

“కళ్లతోనా?”

జీవక్ కుర్చీ వెనక్కి జరిపాడు.

డెబ్బై ఏళ్ల భంతే నేలకు చెంప ఆనించి బల్ల కిందికి చూశాడు. దేన్నీ ముట్టుకోలేదు. కాస్త పక్కకి జరిగి, ఖాళీ అయిన చోట అరచేత్తో తట్టాడు.

జీవక్ వచ్చి పక్కన పడుకున్నాడు.

ప్రింటర్ కేబుల్ ఇంటర్నెట్ వైరు పెట్టే నలుచదరపు కన్నంలో ఉంది. లాగితే సులువుగా రాలేదు.

“గట్టిగా పట్టేసింది భంతే. అందుకే సరైన చోటే అనుకున్నాను.”

“ఊఁ. గట్టిగానే పట్టింది.”

కేబుల్‌ని పక్కనున్న సన్నటి కన్నంలో పెట్టగానే ప్రింటర్ గుర్రుమంది. నాలుగు పేజీలూ వరసగా వచ్చాయి. రూతమ్మ లేచి చెయ్యి చాచింది. ఆటో రావడానికి ఇంకా నలభై నిమిషాలున్నాయి.

“ఆమెకి చదివి వినిపించు,” అన్నాడు భంతే నేల మీంచే.

జీవక్ నిలబడి చదవడం మొదలుపెట్టాడు. “శతాబ్దాల అణచివేత కోటలు కూలే వేళ, పీడిత జనసముద్రం పిడికిలెత్తి గర్జిస్తోంది...”

రూతమ్మ నాలుగు పేజీలూ ఓపిగ్గా విన్నది.

“బాగుంది బాబూ. మైకులో చెప్పినట్టుంది. మా ఆయన పడిపోయింది ఏ కాయితంలో ఉంది?”

జీవక్ పేజీలు తిరగేశాడు. ముందుకీ వెనక్కీ తిరగేశాడు.

“చివర్లో ఉందమ్మా, తక్షణమే దారి వెయ్యాలని...”

“తక్షణమే అంటే ఎప్పుడు?” అంది రూతమ్మ. “జూలై పది దాటిందంటే కాలవకి నీళ్లొదుల్తారు. దమ్ము చేసి నాట్లేస్తారు. ఇంక ఆ మళ్లల్లో దారి పనికి ఎవర్నీ కాలు పెట్టనియ్యరు. మా అత్త మంచంలో ఉంది బాబూ. ఆవిణ్ని కూడా బురదలో పడెయ్యమంటావా?”

జీవక్ భంతే వైపు చూశాడు. భంతే ఇంకా లేవలేదు. కూర్చున్నచోటే మోచేతికి అంటిన దుమ్ము దులుపుకుంటున్నాడు.

జీవక్ కూడా రూతమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పేజీలు బోర్లించి, వెనకవైపు తెల్లటి చోట పెన్ను పెట్టాడు.

“చెప్పమ్మా. గట్టు ఎక్కడ విరిగింది? ఎవరెవరు మోశారు?”

పదకొండుకి ఐదు నిమిషాలుండగా ప్రింటర్ ఒకే ఒక్క పేజీ ఇచ్చింది. రూతమ్మ వేలిముద్ర పైన ఉన్న ఆఖరి వాక్యం ఇది:

“దారి ఏ రోజు మొదలుపెడతారో మాకు జూలై 10వ తేదీలోగా రాసి ఇవ్వండి.”